పండిత రమాబాయి – నిరాధార స్త్రీల జీవనోపాధి

నిరాధారయైన స్త్రీని గూర్చి మన సంఘము చిరకాలముగా రెండు విధములనే ఆలోచించుచు వచ్చినది. మొదటిది దయ. ఆమె కింత కూడు, ఏటికి రెండు కోకలు, ఇంటిలో నొక మూల చోటు ఇచ్చిన చాలునని తలచుట. రెండవది వివాహము. ఆమెను మరల నొక గృహస్థుని చేతిలో నుంచిన చిక్కు తీరునని తలచుట. ఈ రెండు మార్గములును వేరువేరుగా కనబడినను మూలమున నొక్కటియే. రెండింటియందును ఆ స్త్రీ యొకరి చేయి చూచుకొని బ్రతుకవలసినదే. మూడవ మార్గ మొకటి కలదు. అది ఆమె చేతికి పని నేర్పి, ఆ పనికి తగిన ప్రతిఫల మామెకు ముట్టునట్లు చేయుట. ఈ మార్గమును మన దేశమున వందలకొలది, పిమ్మట వేలకొలది పల్లెటూరి స్త్రీల విషయమున ఆచరించి చూపినవారిలో పండిత రమాబాయి ముఖ్యురాలు. ఆమె 1922 సంవత్సరము ఏప్రిలు 5వ తేదీన పూనా సమీపమున కేడ్‌గాఁవ్ గ్రామమున కాలధర్మము నొందెను. నూరేండ్లు దాటినను ఆమె పేరు మరుగుపడలేదు. గాని కొందరామెను సంస్కృత విదుషిగాను, మరికొందరు మతము మార్చుకొనిన స్త్రీగాను మాత్రమే ఎరుగుదురు. ఆమె కట్టిన పనియిండ్ల నెరిగినవారు తక్కువ. ఆ లోపము తీర్చుటకై ఆమె చరిత్రమును సంగ్రహముగా మా పాఠకుల యెదుట నుంచుచున్నాము.

రమాబాయి 1858 ఏప్రిలు 23వ తేదీన పడమటి కనుమల యడవులలో గంగామూల మను చోట జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు, గొప్ప పండితుడు. స్త్రీలకు సంస్కృతము నేర్పరాదను ఆనాటి నియమమును ధిక్కరించి ఆయన తన భార్యయైన లక్ష్మీబాయికి సంస్కృతము నేర్పెను. అందుకై ఉడిపిలో పండితుల యెదుట సమాధానము చెప్పుకొనవలసి వచ్చినను, శాస్త్రప్రమాణములు చూపి తన పక్షమును నిలుపుకొనెనే గాని చదువు మానిపింపలేదు. ఆ తల్లియే రమాబాయికి గురువు. బాల్యము వెడలకముందే ఆ బాలికకు భాగవతమున వేలకొలది శ్లోకములు కంఠస్థమయ్యెను. కుటుంబము ఒకచోట నిలువక తీర్థయాత్రలు చేయుచు, దేవాలయములలో పురాణములు చదివి, శ్రోతలిచ్చిన కానుకలతో కాలము గడుపుచుండెను.

ఇట్లుండగా చెన్నరాజధానిలో కాటకము సంభవించెను. కడుపు నిండనివారికి పురాణశ్రవణముపై మనసు పోవునా? కానుకలు నిలిచిపోయెను. ఉన్న నగలు, పాత్రలు, వస్త్రములు ఒకటొకటిగా అమ్ముడుపోయెను. కడపటి గింజ తీరినపిమ్మట ఆ కుటుంబము మన తిరుపతి యడవులలో ప్రవేశించి, ఆకులలములు, నీరు మాత్రమే ఆహారముగా దినములు గడపి, అచ్చటనే దేహములు చాలింప నిశ్చయించుకొనెను. 1874లో తండ్రి, ఆ వెంటనే తల్లి, మరి కొన్నాళ్ళకు అక్క మరణించిరి. మిగిలినవారు రమాబాయి, ఆమె యన్న శ్రీనివాసుడు.

ఈ ఘట్టముపై మేము కొంత నిలువదలచితిమి. ఏలయన రమాబాయి తరువాతి జీవితమున కిదియే బీజము. ఆ యింటిలో విద్య లేక కాదు. ఆ తండ్రికి సమానులైన పండితులు ఆ ప్రాంతమున అరుదు. తల్లియు కూతురును ఆనాటి స్త్రీలలో అసాధారణమైన చదువు గలవారు. అయినను అయిదుగురిలో ముగ్గురు తిండిలేక పోయిరి. దీనికి కారణమును రమాబాయి స్వయముగా, ఏ మాత్రమును దాచక, తన యనుభవములలో వ్రాసికొనెను. యాచించుటకు అభిమాన మడ్డువచ్చెను. కూలిపని చేయుట కులగౌరవమునకు లోపమని తోచెను. పోనీ చేయుదమన్న ఏ పనియు చేతకాదు. వేలకొలది శ్లోకములు వచ్చిన ఆ యింటిలో గంజికి తగిన వృత్తి యొక్కటియు రాదయ్యెను. విద్యయే స్త్రీని రక్షించునని చెప్పువారు నాడును నేడును పెక్కురు. ఆ మాట సగము మాత్రమే నిజమని రమాబాయి పదునారేండ్లకే తన తల్లిదండ్రుల ప్రాణములను మూల్యముగా నిచ్చి తెలిసికొనెను.

అటుపై అన్నాచెల్లెండ్రు కాలినడకను దేశమంతయు తిరిగిరి. పంజాబున చలికాలమున కప్పుకొన వస్త్రము లేక, ఝీలం నదీతీరమున ఇసుకలో గోతులు త్రవ్వి తలలు మాత్రము పైకుంచుకొని రాత్రులు గడపిరి. 1878లో కలకత్తా చేరిరి. అచ్చట ఆమె పాండిత్యమును పరీక్షించి విద్వాంసులు ఆశ్చర్యపడి పండిత యనియు, సరస్వతి యనియు బిరుదముల నొసగిరి. ఇరువదేండ్లకే ఆమె పేరు దేశమంతట వినబడెను. 1880లో అన్న మరణించెను. అదే సంవత్సరమున ఆమె బిపిన్ బిహారీ దాస్ మేధావి యను బంగాళీ వకీలును వివాహమాడెను. ఆయన బ్రాహ్మణుడు కాడు. కావున ఇరుపక్షముల బంధువులును వారిని విడిచిరి. 1882 ఫిబ్రవరిలో ఆయన విషూచిచే మరణించెను. చంకలో మనోరమ యను పసికూతురితో రమాబాయి విధవయయ్యెను.

ఆ సంవత్సరముననే ఆమె పూనా చేరి ఆర్య మహిళా సమాజమును స్థాపించెను. ప్రభుత్వము నియమించిన హంటరు విద్యావిచారణ సంఘము ఎదుట సాక్ష్యమిచ్చుచు, ఆడపిల్లలకు చదువు చెప్పుటకు స్త్రీలనే ఉపాధ్యాయినులుగా తయారుచేయవలెననియు, స్త్రీలు వైద్యవిద్య నేర్చుట కవకాశము కల్పింపవలెననియు కోరెను. 1883లో వైద్యము నేర్చుకొనవలెనని ఇంగ్లండు వెళ్ళెను. వినికిడి లోపమువలన ఆ కోరిక తీరలేదు. వాంటేజిలోని క్రైస్తవ సన్న్యాసినుల ఆశ్రమమున నుండి, ఆ సంవత్సరము సెప్టెంబరులో క్రైస్తవ మతమును స్వీకరించెను. పిమ్మట చెల్టన్‌హాం స్త్రీల కళాశాలలో సంస్కృతము బోధించెను.

1886లో ఆమె అమెరికా వెళ్ళుటకు కారణము తన బంధువురాలైన ఆనందీబాయి జోషీ ఫిలడెల్ఫియాలో వైద్యపట్టము పొందుచుండుట. ఆ యుత్సవమును చూచి మరలి పోక, అచ్చటి బాలపాఠశాలలను, ఆటపాటలతో పసివారికి చదువు చెప్పు ఫ్రోబెలు పద్ధతిని శ్రద్ధతో నభ్యసించెను. 1887లో అగ్రవర్ణ హిందూస్త్రీల స్థితిని గూర్చి ఆంగ్లమున నొక గ్రంథమును ప్రకటించెను. స్త్రీల కష్టములను వర్ణించి విడిచిపెట్టిన గ్రంథము కాదది. చివర పరిష్కారము చెప్పెను. మన స్త్రీలకు కావలసినవి మూడు: స్వయంశక్తిపై ఆధారపడుట, విద్య, స్వదేశ స్త్రీలైన ఉపాధ్యాయినులు. ఈ మూటిలో స్వయంశక్తికే ఆమె మొదటి స్థాన మిచ్చుట గమనింపదగినది. ఆమె యుపన్యాసములు వినిన అమెరికావారు బోస్టను నగరమున నొక సంఘముగా నేర్పడి, విధవల పాఠశాలకు పదేండ్లు ధనసహాయము చేయ వాగ్దానము చేసిరి.

1889 మార్చి 11వ తేదీన బొంబాయిలో శారదా సదనము ప్రారంభమయ్యెను. మరుసటి సంవత్సరమున అది పూనాకు మారెను. బొంబాయిలో చేరిన మొదటి విధవ గోదూబాయి. ఈమెయే పిమ్మట 1893లో ధోండో కేశవ కార్వేను వివాహమాడి ఆనందీబాయి కార్వే యయ్యెను. సదనమున మతబోధ యుండదని మొదట నేర్పాటు. రానడే, భండార్కరు మొదలగు పెద్దలు సలహాసంఘమున నుండిరి. గాని రమాబాయి తన గదిలో తాను చేసికొను ప్రార్థనకు వచ్చు బాలికలను వలదనలేదు. కొందరికి ఆ మతముపై మనసు పోయెను. 1893లో పెద్దలు సంఘమును విడిచిరి. తిలకు గారి కేసరి పత్రిక తీవ్రముగా విమర్శించెను. సంరక్షకులు పలువురు తమ పిల్లలను తీసికొనిపోయిరి.

ఈ కలహమును గూర్చి మా యభిప్రాయమును మరుగుపరుపము. మతబోధ యుండదని చెప్పి తెరచిన చోట, దిక్కులేని పిల్లలు తమను పోషించుచున్న వ్యక్తి మతమువైపు మొగ్గుట సహజము. కావున సంరక్షకుల కలత నిరాధారమైనది కాదు. తల్లిదండ్రుల నమ్మకమును కాపాడు బాధ్యత అట్టి సంస్థకు మరింత యెక్కువ. గాని మరియొక ప్రశ్న కూడ కలదు. ఆ పిల్లలలో పెక్కురు తల గొరిగించుకొని వంటయిండ్లలో కూలిలేని దాస్యము చేయుచుండగా, వారి మతమును గూర్చి ఎవరును కలతపడలేదు. వారి కొక పలక యిచ్చినవారు లేరు. సదనము తలుపు తెరచిన తరువాతనే వారిపై అందరికి నభిమానము కలిగెను. నింద వేయుటకు పత్రికలో రెండు వరుసలు చాలును. ఆశ్రయ మిచ్చుటకు ఇల్లు, బియ్యము, ఉపాధ్యాయులు, జీవితకాలపు సహనము కావలెను. ఈ సత్యమును గ్రహించినవారు కొందరు ఆ మహారాష్ట్రముననే యుండిరి. వారి మాట ముందు చెప్పుదుము.

అమెరికావారి వాగ్దానము పదేండ్లకు తీరును. ఆ తరువాత? ఈ యాలోచనతోనే రమాబాయి పూనాకు సుమారు 40 మైళ్ళ దూరమున, షోలాపురము పోవు రైలుదారిలో, కేడ్‌గాఁవ్ గ్రామమున సుమారు 100 ఎకరముల భూమి కొనెను. బావులు త్రవ్వించి, పండ్లచెట్లు నాటించెను. ఫలసాయముతో సదనము కొంతవరకైనను తన కాళ్ళపై నిలువవలెనని ఆమె యుద్దేశము. భూమిగల మా పాఠకులు దీని విలువను వేరుగ చెప్పనక్కరలేకయే గ్రహింతురు. చందాపై నడచు సంస్థ దాత మనసు మారిననాడు మూతపడును. నేలపై నిలిచిన సంస్థకు కనీసము గింజ దొరకును.

1896-97 సంవత్సరములలో మధ్యపరగణాలలో మహాక్షామము వచ్చెను. రమాబాయికి తన తల్లిదండ్రులు గుర్తుకు వచ్చిరి. ఆమె బయలుదేరి క్షామపీడిత గ్రామములలో తిరిగి, దిక్కులేని స్త్రీలను, బాలికలను దాదాపు మూడువందల మందిని తీసికొనివచ్చెను. వీరు శారదా సదనపు విద్యార్థినులవంటివారు కారు. రైతుల, కూలీల యిండ్ల ఆడువారు. కొందరు అక్షరము చూచి యెరుగరు. పెక్కుర యొడలు ఎముకలగూడు. అదే సమయమున పూనాలో ప్లేగు వ్యాపించెను. క్షామబాధితులను పట్టణమున నుంచరాదని అధికారు లాజ్ఞాపింపగా, ఆమె వారిని కేడ్‌గాఁవ్ పొలమునకు చేర్చి, గుడారములలోను గడ్డిపాకలలోను నుంచెను. ముక్తి సదన మట్లు పుట్టెను. ప్లేగు సందర్భమున స్త్రీల యెడ జరుగుచున్న అన్యాయములను ఖండించుచు ఆమె 1897లో పత్రికకు వ్రాసిన లేఖ ఇంగ్లండు పార్లమెంటులో ప్రశ్నకు కారణమయ్యెను. క్రైస్తవురాలైనంత మాత్రమున ఆమె దొరలకు వెరచినది కాదనుట కిది నిదర్శనము.

1900లో గుజరాతు క్షామము. అప్పు డామె పంపిన మనుష్యులు మరల వందలకొలది స్త్రీలను తెచ్చిరి. ముక్తిలోని వారి సంఖ్య రెండువేలకు చేరువయ్యెను. ఇందరికి అన్నము పెట్టుటయే కష్టము. రమాబాయి అంతటితో నాగలేదు. ఇందు ముసలివారికి ప్రీతి సదనము, దారితప్పిన వారికి కృపా సదనము, గ్రుడ్డివారికి వేరొక యిల్లు ఏర్పడెను. ప్రతి స్త్రీకిని ఆమె శక్తికి తగిన పని నేర్పవలెనని నియమము. మగ్గములు వేయించి నేత నేర్పిరి. కుట్టుపని, అల్లికలు నేర్పిరి. వ్యవసాయము, తోటపని, పాడి, గానుగ, చాకిరేవు, రొట్టెల పొయ్యి, వంటశాల అన్నియు ఆ స్త్రీల చేతులమీదుగనే నడచెను. చూపులేనివారికి మనోరమ అమెరికాలో నేర్చివచ్చిన చుక్కల లిపితో చదువు నేర్పి, బుట్టలల్లుట మొదలగు పనులు నేర్పెను. చదువు నొకప్రక్క, పని యొకప్రక్క. ఒకదానికై మరియొకదానిని మానిపింపలేదు.

ఇందు రెండు విషయములు ముఖ్యముగా పరిశీలింపదగినవి. మొదటిది, నేర్పువారిని ఆమె ఎక్కడినుండి తెచ్చెనను ప్రశ్న. శారదా సదనమున ముందు చదివి తేరిన విధవలే ముక్తిలో ఉపాధ్యాయినులు, పర్యవేక్షకురాండ్రు అయిరి. క్షామమునుండి వచ్చినవారిలో పని వచ్చినవారు ఆ తరువాత వచ్చినవారికి నేర్పిరి. నిన్న చేయి చాచినది నేడు మరియొకతె చేయి పట్టి మగ్గముపై నుంచెను. వేలమందిని భరించుటకు వేరు మార్గము లేదు. అంతకంటె ముఖ్యమేమన, నేర్పునది తనవంటి స్త్రీయే యగుట చూచి, నేర్చుకొనుదానికి తానును అట్లు కాగలనను ధైర్యము కలుగును.

రెండవది, ఆమె యెంచుకొనిన వృత్తులు. స్త్రీల పని యనగా కుట్టు, అల్లిక యని మాత్రమే తలచు కాలమున ఆమె అచ్చుకూటమును పెట్టెను. అక్షరములు కూర్చుట, అచ్చొత్తుట, పుస్తకములు కట్టుట స్త్రీలే చేసిరి. రమాబాయి హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి బైబిలును మరాఠీలోనికి తర్జుమా చేయుచుండగా, ఆ స్త్రీలు మరాఠీ అక్షరములనే గాక ఆ పరభాషల అక్షరములను కూడ కూర్చిరి. కొన్నేండ్ల క్రిందట కాటకమున ఆకులు నమలిన పల్లెపడుచు హీబ్రూ అక్షరములను అరలోనుండి ఏరి వరుసలో పేర్చుట మనము ఊహించి చూడవలసినది. బుద్ధి కులముతోను, పట్టణముతోను రాదనుటకు ఇంతకంటె ప్రమాణ మేమి కావలెను?

దోషములను కూడ చెప్పుట చరిత్రకారుని విధి. ముక్తి తన రాబడితోనే బ్రతికినదని చెప్పుట సత్యము కాదు. సీమల చందాలు కడవరకును దానికి ఆధారముగ నుండెను. శారదా సదనపు తొలినాళ్ళ మతతటస్థత ముక్తిలో లేదు. అది బహిరంగముగ క్రైస్తవ సంస్థయే. అందు చేరినవారిలో పెక్కురు ఆ మతమున కలిసిరి. ఈ కారణమున అది చుట్టుప్రక్కల సంఘమునకు కొంత పరాయిదిగనే నిలిచెను. వేరే కట్టుబాటుతో నడచియుండిన దాని ప్రభావము మరింత విస్తరించియుండునని మేము తలచుచున్నాము.

మనోరమ తల్లికి కుడిభుజముగ నుండి, నాటి నైజాము రాజ్యములోని గుల్బర్గాలో వెలసిన పాఠశాలను కూడ నడపెను. 1921లో ఆమె అకాలమున మరణించెను. ఆ శోకమును దిగమ్రింగి రమాబాయి అచ్చుచిత్తులు దిద్దుచు, తర్జుమా పని ముగించి మరుసటి సంవత్సరమున కన్నుమూసెను. గ్రంథము 1924లో వెలువడెను. ముక్తి నేటికిని కేడ్‌గాఁవ్‌లో నడచుచున్నది. 1989లో భారత ప్రభుత్వము ఆమె పేర తపాలాబిళ్ళను వెలువరించెను.

ముందు చెప్పుదుమన్న మాట యిప్పుడు. రమాబాయి మతమును నిరాకరించినను ఆమె పద్ధతిని స్వీకరించినవారు మహారాష్ట్రమున బయలుదేరిరి. కార్వే 1896లో విధవాశ్రమమును స్థాపించి, పిమ్మట పూనా చెంత హింగణే గ్రామమున వృద్ధి చేసెను. ఆయన భార్యయైన ఆనందీబాయి శారదా సదనపు విద్యార్థినియే గదా! రానడే గారి భార్యయగు రమాబాయి రానడే 1909లో పూనా సేవాసదనమును నెలకొల్పి, స్త్రీలను ఉపాధ్యాయినులుగాను, నర్సులుగాను తీర్చెను. విమర్శకు తగిన జవాబు పోటీగా నొక మంచి సంస్థను కట్టుటయే యని వీరు గ్రహించిరి.

మన యాంధ్రదేశమున 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. అది మహాసాహసము. గాని వివాహము కోరని, వివాహము దొరకని స్త్రీ లెందరో మిగిలిరి. వారిని తలచియే ఉన్నవ లక్ష్మీనారాయణగారు, లక్ష్మీబాయమ్మగారు 1922లో గుంటూరున శారదా నికేతనమును స్థాపించి విద్యతో పాటు చేతిపనులు నేర్పిరి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ఆంధ్ర మహిళా సభ ద్వారాను, 1953లో నేర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి అధ్యక్షురాలిగాను, చిన్ననాడు చదువు తప్పిన పెద్దవయసు స్త్రీలు తక్కువ కాలమున చదువు పూర్తిచేసి ఉద్యోగమునకు తగినవారగు మార్గమును వేసిరి.

1956 చట్టము హిందూస్త్రీకి తండ్రి యాస్తిలోను, భర్త యాస్తిలోను హక్కు నిచ్చినది. పొదుపు సంఘములు పల్లెలలో వెలసి, స్త్రీకి అప్పు పుట్టుచున్నది. ఇవి మేలైన మార్పులు. గాని ఆస్తి లేనిదానికి హక్కు కాగితమే. పని రానిదానికి అప్పు భారమే. మూడు నెలలు కుట్టుపని నేర్పి, ఒక యంత్రమును, ఒక యోగ్యతాపత్రమును చేతికిచ్చి పంపుటతో ముగియు శిక్షణలను మనము చూచుచున్నాము. ఊరిలో పదిమంది కుట్టువారున్నచోట పదునొకండవది ఏమి సంపాదించును? కేడ్‌గాఁవ్ అనుభవము వేరు దారి చూపుచున్నది. పనిని ఒక్కటిగాక పలువిధములుగ నేర్పవలెను. నేర్చినదానిని నేర్పుదానిగ చేయవలెను. అక్షరమును వృత్తిని విడదీయరాదు. సంస్థకు కొంత నేల, కొంత స్థిరమైన రాబడి యుండవలెను. అన్నిటికంటె ముందు, ఆశ్రయ మిచ్చినందులకు మూల్యముగ ఆమె విశ్వాసమును గాని, స్వేచ్ఛను గాని అడుగరాదు.

మా పాఠకులలో భూవసతి గలవారు, పట్టణములలో వ్యాపారములు గలవారు పెక్కురు. తమ యింటనో, తమ వీధిలోనో, తమ పొలమున కూలికి వచ్చువారిలోనో భర్త పోయినదియో, విడువబడినదియో యొక స్త్రీ యుండక మానదు. ఆమెకు పండుగనాడు చీర పెట్టుట మంచిదే. ఆమెకు ఏ పని వచ్చును, ఏ పని నేర్పిన నిలువగలదు, ఆ పనికి కొనువా రెవరు అని విచారించుట అంతకంటె మంచిది. గ్రామమునకు నలుగురు కలిసి ఒక పాతయింటిని, రెండెకరముల నేలను, నేర్పగల యొక స్త్రీకి జీతమును సమకూర్చుట అసాధ్యము కాదు. కాటకమున ఆకలికి తల్లిని పోగొట్టుకొనిన పిల్ల, పరాయి దేశములవారి సాయముతో రెండువేలమందికి కూడును పనిని చూపగలిగెను. మన నేల మనచేతిలో నున్నప్పుడు మన గ్రామమున పదిమందికి చూపుట మనవలన కాదనుట న్యాయముగ నుండదు.